బంగారు గీత ఎటు పక్క

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఏ బడికి వెళ్ళినా పిల్లల చేతుల్లో మా తాళంచెవి మార్కు పలకే కనిపించేది. ఇప్పుడు ఆ మాట చెబితే ఎదుటివాళ్ళు మర్యాదకు తల ఊపి సంభాషణ మారుస్తారు. మా తాత పెట్టిన పలకల ఫ్యాక్టరీని మా నాయన నడిపాడు. నా చేతికి వచ్చేసరికి అది మూతపడే స్థితిలో ఉంది, మూతపడింది. దాన్ని కొన్న మనిషి తండ్రి మా దగ్గర ముప్పై ఏళ్ళు కోత మేస్త్రీగా పనిచేశాడు. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు, మార్కాపురంలో అందరికీ తెలిసిందే. నేను రాయదలచుకున్నది అంతకంటే చిన్న సంగతి. నమూనా రైలింజనులో ఎల్ఈడీ దీపం పెట్టాలంటే ఎంత రెసిస్టరు వేయాలన్న సంగతి.

డిగ్రీ చదివే రోజుల నుంచి నేను రైలింజన్ల నమూనాలు చేస్తున్నాను. మా చుట్టాలు వాటిని బొమ్మలంటారు, నేను ఆ మాట వాడను. మా పలకల పెట్టెలు మార్కాపురం రోడ్డు స్టేషనులో గూడ్సు బండి ఎక్కేవి. లోడింగు జరిగే చోట ఇంటి మనిషి నిలబడాలన్నది మా నాయన పద్ధతి. కూలీల మీద నమ్మకం లేక కాదు. సరుకు మనదైనప్పుడు మనం నిలబడాలి, అంతే. గంటల తరబడి నిలబడి, తోచక, టేపు పెట్టి ఇంజన్లను కొలిచేవాణ్ణి. మీటరుగేజి బొగ్గు ఇంజన్లు. చక్రం నుంచి చక్రానికి, పొగగొట్టం నుంచి ముందు దీపానికి, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఆ ఇంజన్లు పోయాయి, ఆ పట్టాలు పీకేసి పెద్ద లైను వేశారు. కొలతలు మాత్రం నా దగ్గర ఉన్నాయి. ఇత్తడి రేకు కోసి, వంచి, టంకం పెట్టి ఇప్పటికి తొమ్మిది ఇంజన్లు చేశాను. ఒక్కటీ అమ్మలేదు.

రెండేళ్ళ కిందట మేస్త్రీ కొడుకు నాకు ఫోన్ చేశాడు. అతను పలకలు చేయడు. అదే గనిలోంచి అదే రాయి తీసి, నేల మీద పరిచే టైల్సు చేసి బయటి దేశాలకు పంపుతాడు. కంభం రోడ్డులో కొత్త షోరూము కట్టాడు.

"అన్నా, మన షోరూముకు ఒక రైలు కావాల" అన్నాడు.

మన షోరూము అన్న మాట నాకు నచ్చలేదు. "ఎలాంటి రైలు?" అన్నాను.

"పాతది. బొగ్గింజను. అద్దాల పెట్టెలో గని, పనోళ్ళు, స్టేషను, అన్నీ చేపిస్తుండా. రైలు చుట్టూ తిరగాల. బయటోళ్ళు వస్తుంటారు గదా, మార్కాపురం రాయి ఎట్ల పోయేదో చూపియ్యాల. ఆ ఇంజను లెక్క నీకు తప్ప ఈ తాలూకాలో ఎవురికి తెలుసన్నా?"

ఆ చివరి మాటకు మెత్తబడ్డానని ఒప్పుకోవాలి. ఒక్కటే షరతు పెట్టాను. ఇంజను వెనకాల మూడు డబ్బాలుంటాయి, మొదటి డబ్బా మీద మా తాళంచెవి మార్కు ఉండాలి. ఇంకేమీ వద్దన్నాను.

"అదేం మాటన్నా! ఉండాల్సిందే. మా నాయన చెయ్యి అరిగింది ఆ పలకల మీదనే గదా" అన్నాడు.

ఫ్యాక్టరీ అమ్మిన రోజు కూడా కంటతడి పెట్టని నేను ఆ ఫోన్ పెట్టేశాక కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. మా నాయన పోయినప్పుడు పేపర్లో నాలుగు లైన్లు కూడా రాలేదు. ఫ్యాక్టరీ గేటు మీది పేరు గీకేశారు. మా మార్కు ఈ ఊళ్ళో నలుగురు చూసేచోట ఉండడానికి అదొక్కటే దారి, ఆ డబ్బా. నాకు అప్పటికే అరవై దాటాయి, ఇంకో దారి వెతికే వయసు కాదు.

పలకల పెట్టెల మీద అంటించే పాత చీటీ ఒక్కటే నా దగ్గర మిగిలింది. ఊదారంగు మీద తాళంచెవి, పైన అడ్డంగా ఒక బంగారు గీత. ఆ గీతకు అర్థం ఉంది. ఒకటో రకం పలకల పెట్టెకు బంగారు గీత చీటీ, రెండో రకానికి వెండి గీత చీటీ. మూడో రకానికి మేం చీటీ అంటించేవాళ్ళం కాదు. స్టేషనులో ఏ పెట్టె దింపినా, ఏ పెట్టె ఎక్కించినా ముందు గీత చూసి, ఆ తర్వాతే కింద రాసిన లెక్క చదవాలి. ముప్పై ఏళ్ళు మా ఇంట్లో అందరం అలాగే చదివాం. నాకు అది చూపులో పడిపోయింది.

ఇంజను చేయడానికి ఐదు నెలలు పట్టింది. ముందు దీపం దగ్గర ఆగిపోయాను. నా పాత ఇంజన్లలో దీపం ఉత్త గాజు పూస, వెలగదు. ఇది వెలగాలి. తర్లుపాడు బస్సులు ఆగేచోట ఒక ఆడమనిషి రిపేరు దుకాణం పెట్టుకుంది. మిక్సీలు, ఫ్యాన్లు, కాలిపోయిన ఎల్ఈడీ బల్బులు బాగుచేస్తుంది. నలభై ఏళ్ళుంటాయి. భర్త ఆటో నడుపుతాడు. చేతిలో పనితనం ఉన్న మనిషి అని అందరూ అంటారు, నిజమే.

"ఏంది మామా, ఇంజను ఎత్తుకొచ్చినావు?" అంది, పక్కన బల్ల మీద స్క్రూలన్నీ ఒక పక్కకు తోసి చోటు చేస్తూ.

మా తాతను అయ్యా అనేవాళ్ళు, మా నాయననూ అయ్యా అనే అనేవాళ్ళు. నా కాలానికి కొన్నాళ్ళు సార్ అయింది. ఇప్పుడు మామ. బేరం చేసే ప్రతి మనిషికీ ఈ ఊళ్ళో నేను మామనో చిన్నాయననో అయ్యాను. అందులో ప్రేమ ఉందని కొందరంటారు. ఉండొచ్చు. నాకు మాత్రం ఆ పిలుపు వినగానే వీపు నిటారుగా అవుతుంది.

దీపం పెట్టాలని చెప్పాను. రైలు పట్టాల్లో పన్నెండు వోల్టులు వస్తాయి, ఎల్ఈడీకి మూడు చాలు. అంతవరకూ నాకు తెలుసు.

"మిగిలిన తొమ్మిది ఎక్కడికి పోవాల? అదే రెసిస్టరు మింగేది" అంది. "ఎల్ఈడీకి కడుపు తెలీదు మామా. పెట్టినకాడికి తింటానే ఉంటది, తిని తిని చస్తది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలు అంటారు చూడు, ఆ చెయ్యి రెసిస్టరు. చెయ్యి ఎంత గట్టిగా పెడితే దీపం అంత మెత్తగా వెలుగుతాది."

ఆమె మూడు రెసిస్టర్లు తీసి ఒకటి తర్వాత ఒకటి తగిలించి చూపింది. మొదటిది నాలుగొందల డెబ్బై ఓములు. ఇంజను ముందు తెల్లటి మంట లేచింది, లారీ హెడ్‌లైటులా. వద్దన్నాను. రెండోది వెయ్యి. బాగుంది, కానీ ఇంకా కొత్తగా ఉంది. మూడోది రెండువేల రెండు వందలు. పసుపు కలిసిన ఎల్ఈడీతో దాన్ని పెట్టగానే నాకు తర్లుపాడు వైపు నుంచి సాయంత్రం బండి వస్తున్నట్టే అనిపించింది. చాలా దూరంలో, మెల్లగా, ధూళిలోంచి వచ్చే ఆ వెలుగు. ఆ దీపాన్ని చూసి కూలీలు బీడీలు ఆర్పి లేచేవాళ్ళు.

"ఇదే" అన్నాను.

"ఇంత గుడ్డి దీపమా? నీ ఇష్టం" అని టంకం పెట్టేసింది. చేయి నెమ్మదిగా, తడబాటు లేకుండా కదిలింది. ఇత్తడికి ఒక్క మరకా అంటలేదు.

అక్కడితో లేచి వచ్చేసి ఉంటే సరిపోయేది. మొదటి డబ్బా మీద మార్కు అంటించే చోట, వెనక నుంచి ఇంకో దీపం పెట్టాలన్న ఆలోచన ఆమెకు చెప్పాను. చీటీ పలచటి కాగితం, వెనక వెలుగు పడితే తాళంచెవి మెరుస్తుంది.

ఆమె నవ్వింది. "ఇంజనుకు దీపం సరే. డబ్బాకు ఎందుకు మామా? పెండ్లికొడుకు కంటే తోడుపెండ్లికొడుకు ఎక్కువ మెరిసినట్టుంటది."

దుకాణం ముందు బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు కూడా నవ్వారు. రెండు ఎల్ఈడీలు, ఒక కలగలుపు రెసిస్టర్ల పొట్లం ఇమ్మన్నాను. ఇంట్లో నేనే పెట్టుకుంటానన్నాను.

ఆమె పొట్లం ఇస్తూ చెప్పింది: "డబ్బాకైతే వెయ్యి ఓములది వెయ్యి మామా. బ్రౌను, నలుపు, ఎరుపు. బ్రౌను ఒకటి, నలుపు సున్నా, ఎరుపంటే ఎనకాల రెండు సున్నాలు. బంగారు గీత ఉంటది చూడు, దాన్ని కుడిచెయ్యి పక్కకు పెట్టుకోని ఎడమ నుంచి చదువు. మర్సిపోవద్దు."

మరిచిపోలేదు. ఆమె పొరపాటున చెప్పిందనుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా అదే నిజం. ఇంటికి వచ్చి, అద్దాలు పెట్టుకుని, పొట్లంలో గోరంత రెసిస్టర్లను కాగితం మీద పోసి చూస్తే ప్రతిదానికీ ఒక చివర బంగారు గీత ఉంది. బంగారు గీత నుంచి కాకుండా రెండో చివర నుంచి చదవడం ఏం పద్ధతి? మంచి సరుకు గుర్తు చివరన కూర్చుంటుందా? దుకాణం మనిషికి కుడీ ఎడమా తారుమారై ఉంటుందని తేల్చుకున్నాను. బంగారు గీతను ఎడమ పక్కన పెట్టుకుని, దాని తర్వాత బ్రౌను, నలుపు, ఎరుపు ఉన్నదాన్ని వెతికి పట్టుకున్నాను. తొమ్మిది వోల్టుల బ్యాటరీతో ఒక్క క్షణం ముట్టించి చూశాను. చక్కగా వెలిగింది. చీటీని డబ్బాకు అంటించి, సరిగ్గా దాని వెనకే ఆ రెసిస్టరునూ దీపాన్నీ బిగించాను.

రైలును ముందురోజే అప్పగించి, షోరూము తెరిచే రోజు మంచి బట్టలు కట్టుకుని వెళ్ళాను. లోపల నేలంతా మా రాయే. ఆకుపచ్చ, నీలం, తుప్పు రంగు, అన్నీ పాలిషు పెట్టిన పలకరాళ్ళు. వచ్చినవాళ్ళు బూట్లతో నడుస్తున్నారు. నేను చెప్పులు గుమ్మం బయట విడిచాను.

దీనికీ ఒక కారణం ఉంది. మా కంటే చిన్న వ్యాపారులు ఈ రాయిని నేలకు పరిచే టైల్సుగా కోసి అమ్మడం మొదలుపెట్టిన కొత్తలో, మేస్త్రీ వచ్చి మా నాయనకు చెప్పాడట, ప్లాస్టిక్ పలకలు వచ్చేశాయి, మనమూ మారదామని. మా నాయన, "అక్షరం దిద్దే రాయిని కాళ్ళ కింద వెయ్యను" అన్నాడు. ఇంకెవరూ ఆ మాట ఎత్తకుండా అన్నాడు. అలా మేం పోయాం, వాళ్ళు వచ్చారు. మా నాయనది తప్పని ఊరంతా అంటుంది. నేను ఇప్పటికీ అనను.

"ఏందన్నా, చెప్పులు బయట ఇడిసినావు? ఇదేమన్నా గుడా?" అన్నాడు మేస్త్రీ కొడుకు ఎదురొచ్చి. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు. చేయి పట్టుకుని అద్దాల పెట్టె దగ్గరకు తీసుకుపోయాడు. లోపల దీపాల వైర్లన్నీ ఆ రిపేరు దుకాణం ఆమే పెట్టిందట. ఒక మూలన స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, "మామా, వచ్చినావా" అంది.

మీట నొక్కారు. ఇంజను కదిలింది. ముందు దీపం పసుపుగా, దూరం నుంచి వస్తున్నట్టు వెలిగింది. దాని వెనక తాళంచెవి. తెల్లగా, ధగధగా, ఇంజను దీపాన్ని మింగేసేంత వెలుగు. అందరి చూపూ దాని మీదకే పోయింది.

"అదేం గుర్తు?" అని ఒక పెద్దమనిషి అడిగాడు.

"వీళ్ళదే. పాత ఓనర్లు" అన్నాడు మేస్త్రీ కొడుకు నా వైపు చూపిస్తూ. "అప్పట్లో తాళంచెవి అంటే తాళంచెవే."

ఆ పెద్దమనిషి నాకు నమస్కారం పెట్టాడు. ఇంకో ఇద్దరు కూడా పెట్టారు. నేను తిరిగి పెట్టాను. రైలు గని చుట్టూ తిరిగి స్టేషను దాటింది, మళ్ళీ వచ్చింది. మూడు చుట్లో నాలుగు చుట్లో అయ్యాయి. ఇన్నేళ్ళలో నా గుండె నిండింది ఆ నాలుగు చుట్లకే.

ఐదో చుట్టులో వెలుగు నీలంగా మారింది. తర్వాత సన్నబడింది. కాలిన వాసన వచ్చింది. రైలు మలుపు తిరిగి మా ముందుకు వచ్చేసరికి తాళంచెవి నడుమ గోధుమ రంగు మచ్చ పుట్టింది. చూస్తుండగానే అది నల్లబడి, కాగితం ముడుచుకుని, సన్నటి పొగ లేచింది.

"ఆపండి, ఆపండి!" అంటూ ఆమె మీట దగ్గరకు పరుగెత్తింది.

డబ్బా తీసి, మూత విప్పి, ఆ రెసిస్టరును స్క్రూడ్రైవర్ కొసతో పైకి లేపి చూసింది. అది ఇంకా వేడిగా ఉంది. "ఎరుపు, నలుపు, బ్రౌను" అని చదివింది. "రెండొందలు! వెయ్యి ఏయమంటే రెండొందలు ఏసినావు. ఇరవై తట్టుకునేదానికి నలభై ఐదు మిల్లియాంపులు పోతే అది బతుకుతాదా? ఇది కాగితం పక్కన పొయ్యి పెట్టినట్టే." తల ఎత్తి నా ముఖం చూసింది. "మామా, బంగారం పక్క నుంచి చదివినావా?"

నేను అద్దాలు తీసి తుడుచుకున్నాను. జవాబు అందరికీ అర్థమైంది.

"చిలక్కు చెప్పినట్టు చెప్పినా గదా, కుడిచెయ్యి పక్కకని!"

ఎవరో నవ్వారు. పెద్దగా కాదు. మేస్త్రీ కొడుకు వాళ్ళ వైపు కళ్ళెర్రజేసి, నా భుజం మీద చేయి వేశాడు. "పోనీలే అన్నా. మా నాయన ఎప్పుడూ అంటాండె, మీ నాయన కూడా అంతే, రాయిని పొర పక్క నుంచి చూపిస్తే ఆయన ఇంకో పక్క నుంచి చూస్తాడని. మంచి మనుషులన్నా మీరు. మాట ఇనరు, అంతే."

అతను తిట్టి ఉంటే భరించేవాణ్ణి. అలా జాలిగా, నలుగురి ముందు, మా నాయనను కూడా కలిపి క్షమించేశాడు. భుజం మీది చేతిని నెమ్మదిగా తీసేశాను.

"చీటీ పోతే పోయింది" అన్నాడు అతను. "ఫోన్లో ఫొటో తీసినా నిన్ననే. ఒంగోలులో కంప్యూటర్లో గీపిచ్చి కొత్తది అంటిద్దాం. అచ్చం అట్లనే వస్తది. ఈమె లైటు సరిచేస్తాది. ఒక్క పూట పని."

ఒంగోలులో కంప్యూటర్లో గీసిన తాళంచెవి. మా తాత గీయించిన దానికి నకలు. అది కూడా అతని దయ మీద, అతని నేల మీద. నాకు ఆ క్షణంలో అలాగే కనిపించింది. ఇవాళ ఆలోచిస్తే అందులో దయ ఏమీ లేదు, మాటిచ్చాడు కాబట్టి నిలబెట్టుకోవాలనుకున్నాడు. అప్పుడు అది నాకు ఎక్కలేదు.

డబ్బాను బల్ల మీంచి తీసుకున్నాను. ఆమె వేడిగా ఉందని ఏదో అనబోయింది. జేబురుమాలు చుట్టి చంకలో పెట్టుకున్నాను. "ఇంజను మీ దగ్గరే ఉండనివ్వండి. ఇది ఉండదు" అన్నాను.

"అన్నా, ఏందన్నా ఇది, సిన్న లైటు కాలినందుకు..."

గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని కంభం రోడ్డు మీద నడిచాను. బేస్తవారిపేట బస్సు ఒకటి హారన్ కొడుతూ పక్క నుంచి పోయింది. ఎవరూ వెనక రాలేదు. రావాలని నేను కోరుకోలేదని అప్పుడు అనుకున్నాను.

ఆ తర్వాత అతను ఫోన్ చేశాడు. డబ్బా పంపమన్నాడు, లేకపోతే కొత్త డబ్బా అయినా చేయమన్నాడు, మార్కు తానే వేయిస్తానన్నాడు. కాలిన చీటీ స్థానంలో నకలు పెట్టడం మా పద్ధతి కాదని చెప్పాను. పద్ధతి అన్న మాటను గట్టిగా పలికాను. అతను "సరేలే అన్నా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

మొన్న మా మిక్సీ ఆగిపోతే ఆ దుకాణానికి వెళ్ళాల్సి వచ్చింది. వేరే దుకాణం ఊరికి ఆ చివర ఉంది, అంత దూరం మోసుకుపోలేను. ఆమె మిక్సీ అడుగు విప్పుతూ, "ఆ రైలుకు కొత్త డబ్బా వచ్చింది మామా, చూసినావా?" అంది.

"లేదు."

"మీ గుర్తు లేదులే. వాళ్ళ టైల్సు గుర్తే ఏపిచ్చుకున్నారు. లైటు నేనే పెట్టినా, రెండువేల రెండొందలది. గుడ్డి దీపం అనుకుంటి గానీ, నువ్వు చెప్పిందే నిజం, ఎంత చల్లగా ఉందో కండ్లకు." మిక్సీ లోంచి కాలిన తీగ ఒకటి బయటకు లాగింది. "నువ్వు ఒక్క మాట ఊ అనింటే మీ గుర్తే ఉండేది గదా మామా. రెండుసార్లు ఫోన్ చేసినాడంట."

"మూడుసార్లు" అన్నాను.

మిక్సీ ఎప్పుడిస్తావని అడిగాను. గురువారం రమ్మంది.